అమరకోశమును రోజెట్ కోశమును: ఆంగ్లపదసంపాదనమును గూర్చిన విమర్శ

సామాన్యవ్యవహారమునకు వలయు ఆంగ్లపదములను నేర్చినవాడు, ఆ భాషయందలి ప్రౌఢగ్రంథములను జదువుటకును గంభీరవిషయములను వ్రాయుటకును చాలినంత పదసంపదను గడించుట యెట్లు? ఈ ప్రశ్నను నన్నడిగిన విద్యార్థులు పెక్కండ్రు. సంస్కృతవ్యాకరణము చెప్పుకొను పండితునకు దీనితో బని యేమియని చదువరులలో గొందఱకు దోపవచ్చును. కాని పదార్థము నెట్లు గ్రహింపవలయును, గ్రహించినదాని నెట్లు నిలుపుకొనవలయును అను విచారము మన శాస్త్రములలో మిక్కిలి ప్రాచీనమైనది. ఏ భాషకైనను అది యొక్కటియే. మఱియు ఆంగ్లేయుల పర్యాయకోశములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన యమరకోశమును బేర్కొని విమర్శించియున్నది. ఆ విమర్శకు సమాధానము చెప్పుట మనకు విధి. అందలి సత్యమును అంగీకరించుటయు విధియే. ఈ రెండును జేసిన పిమ్మట, కోశమువలన నెంత లభించును, ఎంత లభింపదు అనుదానిని నిర్ణయించుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

మహాభాష్యారంభమున పతంజలి చెప్పిన కథ పండితులెల్లరు నెఱిగినదే. బృహస్పతి యంతవాడు గురువు, ఇంద్రు డంతవాడు శిష్యుడు, దివ్యవర్షసహస్రము అధ్యయనకాలము. ఐనను ఒక్కొక్క పదమునే యెత్తి చెప్పుకొనిపోగా శబ్దరాశికి అంతము గానరాలేదట. అల్పాయుష్కులమైన మనకు ప్రతిపదపాఠము ఉపాయము గాదని భాష్యకారుని తాత్పర్యము. నేటి మన విద్యార్థులు చేయునది యీ ప్రతిపదపాఠమే. విదేశవిద్యకై వ్రాయవలసిన పరీక్షలకని సుమారు 3500 పదముల పట్టికను, అక్షరక్రమమున, పదమునకెదుట నొక యర్థముతో, కంఠస్థము చేయుట మన పట్టణములందు చిరకాలముగా సాగిన యాచారము. పట్టిక నడుమకు వచ్చునప్పటికి మొదటి యక్షరముల పదములు మఱపున బడును. మఱపున బడనివి సైతము వ్రాతలో బ్రయోగింపబోవునప్పుడు తప్పుదారి బట్టించును. కంఠస్థము చేయుట దోషమని నే ననను. అమరమును వల్లెవేసి పెరిగినవాడ నగుటచే నట్లనుటకు నాకు నోరు రాదు. దోష మెక్కడ నున్నదో చూడవలసియున్నది.

పట్టికలకంటె మేలైన సాధనమని పెద్దలు చూపునది రోజెట్ పండితుని పర్యాయకోశము. పీటర్ మార్క్ రోజెట్ 1779లో లండను నగరమున జన్మించిన వైద్యుడు. లండనులోని రాయల్ సొసైటీకి కార్యదర్శిగా 1827 మొదలు 1848 వఱకు నుండెను. తన స్వంతయుపయోగమునకై 1805లో నొక చిన్న పదపట్టికను గూర్చుకొనెను. అర్ధశతాబ్దమునకు బిమ్మట దానిని విస్తరించి 1852లో, తన డెబ్బదిమూడవ యేట, గ్రంథముగా బ్రకటించెను. దానికాతడు పెట్టిన పేరు థెసారస్. గ్రీకుభాషయం దీ మాటకు ధనాగారమని యర్థము. అనగా మన కోశశబ్దమున కేది యర్థమో దానికి నదియే. తొమ్మిదేండ్లకు ముందుగాని వెనుకగాని కాక, సరిగా నా 1852వ సంవత్సరముననే బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసునం దచ్చయ్యెను. ఈ రెండు కోశముల మార్గభేదమును గూర్చి ముందు జెప్పెదను.

సామాన్యనిఘంటువు పదము నిచ్చి యర్థమును జెప్పును. రోజెట్ కోశము అర్థము నిచ్చి పదమును జూపును. ఆతడు సమస్తభావములను ఆఱు తరగతులుగా విభజించెను: భావసంబంధములు, దేశము, ద్రవ్యము, బుద్ధి, ఇచ్ఛ, రాగద్వేషాదులు. వీనిక్రింద 1000 శీర్షికలు. మొదటి శీర్షిక సత్త, రెండవది అసత్త. ఇట్లు పరస్పరవిరుద్ధములైన భావములను ఎదురెదురుగా నిలిపెను. ప్రతిశీర్షికయందును నామములు, క్రియలు, విశేషణములు వేఱువేఱుగ గూర్పబడినవి. వేయవ శీర్షిక దేవాలయము. మన యమరసింహుడు స్వర్గముతో నారంభించి భూమికి దిగెను. రోజెట్ పండితుడు సత్తతో నారంభించి దేవాలయమున ముగించెను. ఈ భేదము వినోదమునకు జెప్పినది మాత్రము గాదు. ఇరువురి ప్రయోజనములును వేఱని యిదియే చూపుచున్నది.

రోజెట్ తన పీఠికయం దొక యధోజ్ఞాపికలో, భావక్రమమున పదములను గూర్చుటకు బూర్వులు చేసిన ప్రయత్నములను బేర్కొనుచు, వానిలో బ్రాచీనతమమైనది అమరకోశమని చెప్పెను. కోల్‌బ్రూక్ దొర ఆంగ్లార్థములతో 1808లో శ్రీరామపురమున నచ్చువేయించిన ప్రతి యాతనికి దొరికినది. దానిని జూచి యాతడు చేసిన విమర్శ రెండు విధములు. స్వర్గము, దేవతలు, అసురులు, అగ్ని, వాయువు, వేగము, నిత్యత్వము, ఆధిక్యము అనునవి యొక్క వర్గమున నిమిడియుండుట గందరగోళమనియు, పాపపుణ్యములు, సుఖము, దైవము, హేతువు, బుద్ధి, రసగంధవర్ణములు మఱియొకచోట కలగాపులగముగా నున్నవనియు మొదటిది. సముద్రము, భూమి, పురము, వృక్షములు, జంతువులు అను ప్రకృతిపదార్థముల వర్గములయందు మాత్రము క్రమము గలదనియు, అంత ప్రాచీనకాలమున నిట్టి విభాగప్రయత్నము ఆశ్చర్యకరమనియు రెండవది. దూషణముతో భూషణమును గలిపిన యీ విమర్శకుని ఋజుత్వమును మనము మెచ్చుకొనవలయును.

ఇక సమాధానము. స్వర్గవర్గమున అగ్నివాయువులు చేరుటకు గారణము రోజెట్‌నకు గోచరింపలేదు. ఇంద్రుని, దేవలోకవస్తువులను జెప్పిన పిమ్మట అమరుడు వరుసగా జెప్పినవారు అగ్ని, యముడు, రాక్షసుడు, వరుణుడు, వాయువు, కుబేరుడు. ఇది దిక్పాలకుల క్రమము. తూర్పున నారంభించి ప్రదక్షిణముగ దిరుగు నీ వరుసను సంధ్యావందనము చేయు బాలుడు సైత మెఱుగును. వాయువును జెప్పినవెంటనే వేగము స్మృతికి వచ్చుట సహజము. వేగమును జెప్పగా శీఘ్రమను క్రియావిశేషణపదములు, వానివెంట ఎడతెగమి నెఱిగించు పదములు, పిదప అతిశయమును దెల్పు పదములు వచ్చినవి. తరువాత మరల వరుస తప్పక కుబేరుడు. ఇది తార్కికవిభాగము గాదు, స్మృతిశృంఖల. ఒక కొక్కెమునకు మఱియొకటి తగిలించినట్లు, చెప్పిన పదము చెప్పవలసిన పదమును లాగికొనివచ్చును. పుస్తకము విప్పి వెదకువానికి విభాగము వలయును. పుస్తకము లేక వల్లెవేయువానికి శృంఖల వలయును. అమరుడు రెండవవానికై వ్రాసెను. సుమారు 1500 శ్లోకములు నోటనుంచుకొన్న బాలునకు సూచికతో బనిలేదు. రోజెట్ కోశమునకన్ననో అకారాదిసూచిక ప్రాణము. సూచిక లేనిచో ఆ వేయి శీర్షికలలో వలసినదానిని బట్టుట విద్వాంసునకైనను గష్టము.

కాని పక్షపాతమున సత్యమును మఱుగుపఱుపరాదు. కాలవర్గమున ప్రళయమును జెప్పినవెంటనే పాపము, పుణ్యము, ఆనందము, దైవము, హేతువు మున్నగువాని పదము లెందుకు వచ్చినవో, వ్యాఖ్యాతలు సంగతి కల్పించినను, కల్పన కల్పనయే. మనోవ్యాపారములను దెల్పు పదములు అమరమున జెల్లాచెదరుగా నున్నవను మాట నిజము. మూడవ కాండమున సంకీర్ణవర్గమను పేరే యీ విషయమును అమరుడెఱుగునని చెప్పుచున్నది. క్రియాపదముల గూర్పు అమరమున లేదు. దానికి ధాతుపాఠము వేఱుగ గలదు. విరుద్ధభావములను ఎదురెదురుగ నిలిపి, నామక్రియావిశేషణములను ఒక్కచోట జూపుటలో రోజెట్‌దే పైచేయి. వాక్యమును వ్రాయుచు నామము కుదురక క్రియకై వెదకువాని కది మహోపకారము.

ఈ రెండు కోశములకును సమానమైన యొక మితి గలదు. దానిని నా యనుభవమువలన జెప్పెదను. నా పదునెనిమిదవ యేట, మాకు ఆంగ్లము చెప్పిన యుపాధ్యాయు డుద్యోగవిరమణము చేయు సందర్భమున, ఆంగ్లమున సన్మానపత్రము వ్రాయు భారము నాపై బడెను. ‘ఆయన పాండిత్యము ప్రసిద్ధము’ అని వ్రాయవలయును. ఫేమస్ అను పదము నాకు మిక్కిలి చౌకగా దోచెను. ఒక పర్యాయపదముల పట్టికను జూడగా దానిక్రింద నొటోరియస్ అని కానవచ్చెను. అక్షరములు హెచ్చు, ధ్వని గంభీరము. దానినే వ్రాసి సభలో జదివితిని. ఆంగ్ల మెఱిగిన నలుగురు తలలు వంచుకొనిరి. ఆ సాయంకాలము ఉపాధ్యాయుడు నన్ను బిలిచి, ‘నాయనా, నీ ప్రేమ నా కర్థమైనది, కాని యీ మాటను గజదొంగలకు వాడుదురు, నావంటి బడిపంతులుకు గాదు’ అని నవ్వెను. ఆయన నవ్వెను గాని నాకు నవ్వు రాలేదు. అప్పటికి నాకు అమరమంతయు గంఠస్థము. కోశము నుపయోగించు తెఱగు మాత్రము తెలియదని యా దినమున దెలిసికొంటిని.

ఫేమస్, నొటోరియస్ అను రెండును ‘పలువు రెఱిగిన’ యను నర్థమునకు వాచకములే. పట్టిక అబద్ధ మాడలేదు. సగము మాత్రమే చెప్పినది. రెండవ సగము ప్రయోగమున నున్నది. రోజెట్ ఈ విషయమున జదువరిని మోసగింపలేదు. పదముల యర్థములను వివరించుట గాని, పర్యాయములకుగల సూక్ష్మభేదములను నిర్ణయించుట గాని తన యుద్దేశము గాదని పీఠికలో స్పష్టముగ జెప్పియున్నాడు. పదములు తెలిసియు సమయమునకు జ్ఞప్తికి రానివానికై యాతడు గ్రంథమును గూర్చెను. ఎఱిగినవానికి గుర్తుచేయుట దాని పని, ఎఱుగనివానికి బోధించుట గాదు. మన విద్యార్థులు దానిని బోధకునిగా జేసికొనుటయే దోషము.

అమరు డీ దోషమును గొంత నివారింప యత్నించెను. స్త్రీవాచకములను జెప్పుచు మొదట సామాన్యపదములను జెప్పి, పిమ్మట అంగన, భీరువు, కామిని, వామలోచన మున్నగువానిని విశేషములని వేఱుపఱిచెను. అనగా, ఇవి స్త్రీలను జెప్పినను అందఱు స్త్రీలను జెప్పునవి గావు. తల్లిని గామిని యనరాదు. మఱియు గ్రంథమునకు నామలింగానుశాసనమని పేరు. భార్య స్త్రీలింగైకవచనము, అదే యర్థముగల దారశబ్దము పుంలింగము, నిత్యబహువచనము. పదముతోపాటు దాని నడకయు గోశమే నేర్పినది. ఆంగ్లమున న్యూస్ అనునది బహువచనరూపముతో నుండియు నేకవచనముగ నడచును. క్యాటిల్ అనునది యేకవచనరూపముతో నుండియు బహువచనముగ నడచును. రోజెట్ పట్టికలో నీ నడక తెలియదు. ఐనను అమరము సైతము ఒంటరిగా నెన్నడును నిలువలేదు. దానికి గురుబాలప్రబోధికవంటి తెలుగుటీకలు తోడు. దానిని జెప్పు గురువు తోడు. అన్నిటికంటె మిన్నగా, దానితోపాటే చదువు రఘువంశాదికావ్యములు తోడు. ఉదయమున వల్లించిన పదము మధ్యాహ్నమున గావ్యమం దెదురగుచుండెను. నేటి యాంగ్లవిద్యార్థికి గోశము గలదు, కావ్యము లేదు. నా యభిప్రాయమున సమస్తదోషమునకును మూల మిదియే.

పదమునకు అర్థమునందుగల శక్తిని గ్రహించుటకు మన పూర్వు లెనిమిది యుపాయములను జెప్పిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము. ఎనిమిదింటిలో గోశ మొక్కటి మాత్రమే. తక్కిన యేడింటిని విడిచి దాని నొక్కదానినే పట్టుకొనుట, ఎనిమిది ద్వారముల యింటికి నొక్క కిటికీలోనుండి దూరయత్నించుటవంటిది. ఆంగ్లపదసంపాదనమున కీ యుపాయములలో వ్యాకరణమును వ్యవహారమును ముఖ్యములు. వాని నించుక పరిశీలింతము.

మొదట వ్యాకరణమార్గము. తెలుగున దేశ్యము, తద్భవము, తత్సమము అని పదములు త్రివిధములు. ఆంగ్లమును నట్టిదే. కింగ్లీ దేశ్యము. రాయల్, రీగల్ అను రెండును లాటినుభాషయందలి రెగాలిస్ అను నొక్క పదమునుండి వచ్చినవి. మొదటిది ప్రాచీనఫ్రెంచి నోటబడి మాఱి వచ్చినది గనుక తద్భవము. రెండవది దాదాపు మాఱక వచ్చినది గనుక తత్సమము. అట్లే ఫ్రాగిలిస్ నుండి ఫ్రెయిల్, ఫ్రాజైల్. సెక్యూరస్ నుండి ష్యూర్, సెక్యూర్. ఒక్కొకప్పు డిట్టి జంటలలో నర్థము వేఱుపడును. పోటియో అనగా బానము. దానినుండి వచ్చిన పోషన్ ఔషధపానము, పాయిజన్ విషము. మనకు భోజనము, బోనము అను రెండు నొక్క పదమే యైనను, బోనము నేడు గ్రామదేవతకు నివేదించు నన్నము. యాత్ర వేఱు, జాతర వేఱు. ఈ పోలికను ఒక్కమాఱు గ్రహించిన తెలుగువిద్యార్థి ఆంగ్లమున మూడు మూడు పర్యాయము లెందుకున్నవో తెలిసికొనును. వానిలో నేది యింటిమాటయో, ఏది సభమాటయో, ఏది గ్రంథపుమాటయో తానే యూహింపగలుగును.

పిమ్మట ధాతువులు. ఒక్క హృధాతువునుండియే ఉపసర్గభేదమున ఆహారము, విహారము, సంహారము, పరిహారము పుట్టుట మనబాలు రెఱుగుదురు. లాటినున మోయుట యను నర్థముగల ఫెర్ అను ధాతువునుండి ట్రాన్స్‌ఫర్, రిఫర్, ప్రిఫర్, డిఫర్, ఇన్ఫర్, కన్ఫర్ అను క్రియలు పుట్టినవి. ఆ ఫెర్ మఱియేదియో గాదు; మన భృధాతువునకు దోబుట్టువు. ఉపసర్గములు సైత మన్యములు గావు: మన ప్ర వారికి ప్రో, పరి వారికి పెరి, అంతర్ వారికి ఇంటర్, ఉపరి లాటినున సూపర్, గ్రీకున హైపర్, దుస్ గ్రీకున డిస్. అజీర్ణమునకు వైద్యులు వాడు డిస్పెప్సియా యను పదమున దుస్ అను నుపసర్గమును, పచధాతువునకు సోదరమైన గ్రీకుధాతువును ఉన్నవి, మనము దుష్పచనమన్నట్లే. సంస్కృత మెఱిగిన విద్యార్థికి ఇది పరాయిసొమ్ము గాదు, పాలివారి సొమ్ము. 1949లో నార్మన్ లూయిస్ ప్రకటించిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ యను గ్రంథము మనదేశమున నింతగా వ్యాపించుటకు నీ ధాతుమార్గమే ముఖ్యకారణమని తలంచెదను. పది ధాతువులు తెలిసిన నూఱు పదములు దెలియుట పతంజలి కోరిన లాఘవమే.

కాని యిక్కడనే యింకొక గోయి గలదు. శాస్త్రజ్ఞులు వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు అని హెచ్చరించిరి. పోవునది గావున గోవు అని వ్యుత్పత్తి చెప్పినను, పరుండినయావు సైతము గోవే. పోవు గుఱ్ఱము గోవు గాదు. ఆంగ్లమున ఎగ్రీజియస్ అను పదమును జూడుడు. ధాత్వర్థము ‘మందనుండి వెలికివచ్చినది’; తొల్లి శ్రేష్ఠమని యర్థము. నేడో, మిక్కిలి హేయమైన తప్పునకు విశేషణము. ధాతువును నమ్మి గురువును ఎగ్రీజియస్ అన్నవాడు నావలెనే తల వంచుకొనవలసివచ్చును. మాన్యుఫాక్చర్ అనగా ధాత్వర్థమున చేతిపని. నేడు యంత్రశాలలో జేయుదాని కది పేరు. నైస్ అను పదమునకు మూలమైన లాటినుపదమున కర్థము ‘తెలియనివాడు’, నేడది ప్రశంస.

ఇట్టియెడ బ్రమాణ మెద్దియను ప్రశ్నకు మన మీమాంసకు లెప్పుడో సమాధానము చెప్పియున్నారు. పికము, నేమము, సతము, తామరసము అను పదములు వేదమందుండియు ఆర్యవ్యవహారమున లేక మ్లేచ్ఛవ్యవహారమున మాత్రమే యున్నవి. వీనికి వ్యాకరణనిరుక్తములచే నేదో యొక యర్థము గల్పింపవలయునా, లేక మ్లేచ్ఛులు వాడు నర్థమునే గ్రహింపవలయునా యని పికనేమాధికరణమున విచారము. మ్లేచ్ఛశబ్ద మిచ్చట దూషణము గాదు. అన్యభాషావ్యవహర్త యని మాత్రమే. సిద్ధాంతము: ఏ పదము నెవరు వాడుదురో ఆ పదమున వారి వ్యవహారమే ప్రమాణము; కల్పితవ్యుత్పత్తి ప్రమాణము గాదు. వేదార్థవిషయముననే యింత యుదారమైన న్యాయమును స్థాపించిన సంప్రదాయమునకు వారసులమైన మనము, ఆంగ్లపదముల యర్థమును ఆంగ్లవ్యవహారమునుండి గ్రహింపుమని విద్యార్థులకు జెప్పుటకు సందేహింపనేల?

ఆంగ్లకోశకారులలో నుత్తము లీ న్యాయమునే యనుసరించిరి. జాన్సన్ పండితుడు 1755లో బ్రకటించిన నిఘంటువున అర్థములకు గ్రంథకర్తల ప్రయోగములను జూపెను. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1884లో మొదటి భాగము వెలువడి 1928లో ముగిసినది. ప్రతిపదమునకును శతాబ్దక్రమమున బ్రయోగములను గూర్చుటయే దాని జీవము. మన బ్రౌను దొరయు తెలుగుపదములకు గావ్యములనుండియు జనులవాడుకనుండియు ఉదాహరణము లిచ్చెను. రోజెట్, బ్రౌను ఒక్క సంవత్సరముననే గ్రంథములను బ్రకటించినను, మొదటివాడు స్వభాష నెఱిగినవారికి వ్రాసెను. రెండవవాడు పరభాషను నేర్చువారికి వ్రాసెను. అందుచేతనే రోజెట్ ప్రయోగములను విడువగలిగెను, బ్రౌను విడువలేకపోయెను. పరభాషను నేర్చుకొను మన విద్యార్థులకు బ్రౌను మార్గమే మార్గము.

పరీక్షలకు దినములు దగ్గఱపడిన విద్యార్థి కావ్యములను జదువుచు గూర్చుండగలడా యని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము తేలికైనది గాదు. వాని ద్రవ్యమును, తలిదండ్రుల యాశయు దానిపై నాధారపడియున్నవి. కాని పరీక్షలే మార్గమును మార్చుకొన్నవి. అమెరికాలో నున్నతవిద్యకై వ్రాయు జీ. ఆర్. ఇ. పరీక్షనుండి విరుద్ధార్థపదముల ప్రశ్నలను, పదసామ్యముల ప్రశ్నలను 2011లో దొలగించిరి. ఇప్పుడు వాక్యము నిచ్చి యందలి శూన్యస్థానమును బూరింపుమందురు. లేదా ఆఱు పదముల నిచ్చి, వాక్యార్థము నొక్కటిగా నిలుపు రెంటిని ఏఱుమందురు. ఇది కోశపరీక్ష గాదు, వాక్యశేషపరీక్ష. తియ్యమావిపై బికము మధురముగ గూయుచున్నదను వాక్యమున, తక్కిన పదము లెఱిగినవాడు పికమనగా గోకిలమని తెలిసికొనునని తార్కికులు చెప్పు సిద్ధపదసాన్నిధ్య మిదియే. పట్టికను మాత్రము నమ్మినవానికి బరీక్షయందు సైతము నేడు మునుపటి లాభము లేదు.

ఇంతవఱకు జెప్పినదానినిబట్టి పాఠశాలాపండితులకు నా విన్నపము. మొదటిది: విద్యార్థిచే బ్రతిదినము ఆంగ్లగద్యమున రెండు మూడు పుటలు చదివింపవలయును. జాన్సన్ వ్రాసిన రాసెలస్, గిబ్బన్ వ్రాసిన రోముసామ్రాజ్యచరిత్ర, లాంబు వ్యాసములు మున్నగునవి ప్రౌఢపదములకు గనులు. ఆధునికగద్యము గోరువారు మంచి వార్తాపత్రికల సంపాదకీయములను జదువవచ్చును. రెండవది: క్రొత్తపదము దొరకినప్పుడు పదమును మాత్రము గాక, అది యున్న వాక్యమును వ్రాసికొనవలయును. పదము విత్తనము, వాక్యము మన్ను. మూడవది: పిమ్మట ధాతూపసర్గములను విడదీసి, దాని తోబుట్టువులను ఆంగ్లమునను సంస్కృతమునను వెదకవలయును. నాలుగవది: అప్పు డొక్కటే రోజెట్ కోశమును దెఱచి, పర్యాయములను జూచి, రాయల్ ఫ్యామిలీ యందురు గాని కింగ్లీ ఫ్యామిలీ యన రెందుకని తన్ను దాను బ్రశ్నించుకొనవలయును. ఉత్తరము దొరకని పదమును వ్రాతలో నుంచరాదు. దినమునకు నాలుగు పదములు చాలును. ఏడాదికి వేయింటికి మించిన పదములు, చచ్చినవి గాక బ్రదికినవి, వానికి సొంతమగును.

కోశము ధనాగారమే. కాని ధనాగారమున నున్న సొమ్ము అంగడిలో జెల్లినప్పుడు గాని ధనము గాదు. ఏ నాణెము ఏ యంగడిలో నెంతకు జెల్లునో తెలియక మూట విప్పినవాడు, మూట యెంత పెద్దదైనను, నగుబాటు పాలగును. ఆ నగుబాటు నొకమాఱు పొందినవాడను గనుక, మన పిల్లలు దాని బాలు గాకుండుటకై యీ నాలుగు మాటలను వ్రాసితిని. అమరుని పొగడుటకు గాని, రోజెట్‌ను దెగడుటకు గాని వ్రాయలేదు. ఇరువురును తమ తమ శిష్యులకు దగిన ధనాగారములను గట్టిరి; తాళపుచెవిని మాత్రము గురువు చేతను కావ్యము చేతను ఉంచిరి. ఇందలి గుణదోషములను విజ్ఞులు పరిశీలింతురుగాక.